తొమ్మిదేళ్ళ పులుసు

నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. అందుకని ఆక్లండ్‌లో నాకు ఉద్యోగం దొరికిందంటే అందరికంటే ముందు నమ్మనిది నేనే.

ఎక్కడ అడిగినా సీవీ తెమ్మన్నారు. సీవీ అంటే ఏమిటో మా ఆయన నర్సింహ విడమరిచి చెప్పాక, అందులో రాయడానికి నా దగ్గర పేరూ, పుట్టిన తేదీ తప్ప ఇంకేమీ లేవని తేలింది. పైగా మూడేళ్ళ పాప మనస్విని. దాన్ని డేకేర్‌లో వేస్తే నాకొచ్చే జీతమంతా అక్కడే ఇచ్చి రావాలి. వేసినా నేను ఒక్కచోట కుదురుగా ఉండగలిగేదాన్ని కాదు. అది నా కళ్ళ ముందు లేకపోతే నాకు ఊపిరాడదు. కళ్ళ ముందుంటే, ఏం మింగిందో, ఎక్కడ పడుతుందో అని ఊపిరాడదు.

మా శాండ్రింగ్‌హామ్ ఫ్లాటు నుంచి డొమినియన్ రోడ్డుకు తోపుడు బండిలో పాపను కూర్చోబెట్టుకుని నడిస్తే ఇరవై నిమిషాలు. అక్కడ ఒక మలుపు దాటాక అన్నీ చైనా వాళ్ళ కొట్లే. ఒక అద్దం వెనక బాతులు కొక్కేలకు వేలాడుతుంటాయి. ఇంకో అద్దం వెనక ముసలావిడ పిండి ఒత్తి, లోపల కూర పెట్టి, అంచులు మడుస్తుంటుంది. అద్దానికి పట్టిన ఆవిరిని మధ్యమధ్య మోచేత్తో తుడుచుకుంటుంది. మేం ఆ వీధికి చైనా టౌను అని పేరు పెట్టుకున్నాం. తక్కువ ఖర్చుతో కడుపు నిండా తిని రావాలంటే మాలాంటి వాళ్ళకు అదే దిక్కు.

ఆ వీధిలోనే ఫంగ్ వాళ్ళ బేకరీ. లోపలికి వెళ్ళగానే ఒక ట్రే, ఒక పట్టకారు తీసుకుని, కావలసిన బన్నులు మనమే ఏరుకోవాలి. మా మనూకి పైనాపిల్ బన్ను ప్రాణం. అందులో పైనాపిల్ ఉండదు, పైన పెంకు పగిలినట్టు గీతలుంటాయంతే. ఆ బన్ను కొనడానికి వెళ్ళినప్పుడే అద్దానికి అతికించిన కాగితం కనబడింది. నర్సింహ చదివాడు.

"కిచెన్ హ్యాండ్ కావాల్నంట. గిన్నెలు తోమే పని. నీకెందుకే?"

"గిన్నెలు తోమనీకి సీవీ అడగరు గదా."

"అడగరు గని, నువ్వు తోముతే గిన్నె అరిగిపోతదని భయపడతరు."

అతని మాట విననట్టే లోపలికి వెళ్ళాను. ఫంగ్ ఆంటీ నా చదువు అడగలేదు. నా రెండు చేతులూ తిప్పి చూసింది. అడుగు మాడిన ట్రే ఒకటి, పీచు ఒకటి ఇచ్చింది. నేను దాన్ని ముఖం కనబడేలా తోమి ఇచ్చాను. అందులో తన ముఖం చూసుకుని జుట్టు సర్దుకుంది.

"రేపు తొమ్మిదికి," అంది.

"పాప..." అని గొణిగాను.

కౌంటరు పక్కనున్న మూల బల్ల చూపించింది. అంతే, ఉద్యోగం ఖాయమైపోయింది.

మా ఇద్దరిదీ ముక్కల ఇంగ్లీషే. నా ముక్కలు వేరు, ఆవిడ ముక్కలు వేరు. అయినా పని నడిచిపోయేది. రాసేటప్పుడు మాత్రం ఆ మాటలన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

మూడు వారాలు హాయిగా గడిచాయి. హాయిగా అంటే నా లెక్కలో హాయి. మనూ మూల బల్ల దగ్గర రంగు పెన్సిళ్ళతో కూర్చునేది. పది నిమిషాలకోసారి నేను తడి చేతులతో పరిగెత్తుకొచ్చి చూసేదాన్ని. బన్ను గొంతుకు అడ్డం పడిందా? వేడి టీ దగ్గరికి జరిగిందా? తలుపు తెరిచి ఉందా?

"ఆంటీ, ఇందులో పంది లేదు కదా?" అని రోజూ అడిగేదాన్ని.

"పంది ఆ ట్రే. నీ పాప ఈ ట్రే. నిన్న కూడా ఇదే చెప్పాను. రేపు కూడా ఇదే చెప్తాను," అనేది ఆంటీ, విసుగు లేకుండా.

బన్నులు ఆంటీ చేస్తుంది. వెనక పొయ్యి ఫంగ్ అంకుల్‌ది. ఆయన పెద్దగా మాట్లాడడు. మధ్యాహ్నం వేళ ఆఫీసుల వాళ్ళూ, కాలేజీ పిల్లలూ వరస కట్టేది ఆయన సోయా సాస్ పులుసులో ఉడికించే కోడి కోసం. నల్లగా నిగనిగలాడుతూ, ఎముక దగ్గర కూడా రుచి ఉండేది. అదే పులుసులో ఉడికిన గుడ్లు కూడా అమ్మేవాళ్ళు. మనూ మూడు వారాల్లో ఎన్ని గుడ్లు తిన్నదో! ఇంట్లో ముద్ద పట్టుకుని ఇల్లంతా తిరిగినా నోరు తెరవని పిల్ల, అక్కడ గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని కొరికేది.

నేను సింకు దగ్గర, అంకుల్ పొయ్యి దగ్గర. ఆ పొయ్యి వైపు నాకు పని పడలేదు, నేను వెళ్ళలేదు.

ఇక్కడ కౌన్సిల్ వాళ్ళు, అంటే మన మునిసిపాలిటీ లాంటివాళ్ళు, ప్రతి హోటలుకూ శుభ్రతను బట్టి ఒక అక్షరం ఇస్తారు. ఆ కాగితం వచ్చేవాళ్ళకు కనబడేలా గోడకు పెట్టాలి. మాది 'బి'. ఎదురు వరసలో నూడుల్స్ కొట్టుకు 'ఎ' వచ్చినప్పటి నుంచి ఫంగ్ ఆంటీకి నిద్ర పట్టడం లేదు. జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక సోమవారం ఉదయం నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"రేపు కౌన్సిల్ ఆవిడ వస్తుంది. ఈ రోజు బన్ను పని లేదు, ముందు గది పని లేదు. వంటిల్లంతా నీదే. బాగా, బాగా తోము."

అంకుల్ కూరగాయల మార్కెట్‌కు వెళ్ళాడు. ఆంటీ ముందు గదిలో అద్దాలు తుడుస్తోంది. నేను కొంగు లేకపోయినా కొంగు బిగించినంత పని చేశాను. నన్ను నమ్మి వంటిల్లు మొత్తం అప్పజెప్పారు! అలమారాల పైన దుమ్ము, ఫ్రిజ్ తలుపు రబ్బరులో నలుపు, నేల మూలల్లో జిడ్డు, ఏదీ వదల్లేదు. చివరికి వెనక పొయ్యి దగ్గరకు వచ్చాను.

దాని మీద నా మోకాలు దాటేంత ఎత్తు గిన్నె ఉంది. మూత తీశాను. లోపల సగానికి పైగా నల్లటి పులుసు. పైన నెయ్యి పేరుకున్నట్టు తెల్లటి పొర. వేలితో పొర పక్కకు జరిపి వాసన చూశాను. అనాసపువ్వు, దాల్చినచెక్క, ఎండిన నారింజ తొక్క. వాసన బాగానే ఉంది. కానీ నిన్నటిది. ఆదివారం కోళ్ళు ఉడికాయి, పులుసు అట్లాగే రాత్రంతా ఉండిపోయింది.

మా ఇంట్లో పొద్దున లేవగానే మొదటి పని పాచి గిన్నెలు కడగడం. రాత్రి మిగిలింది పొయ్యి మీద ఉంచి పడుకుంటే మా అమ్మ వారం రోజులు తిట్టేది. పెళ్ళికి ముందు నాకు వచ్చిన చదువంతా అదే. ఇప్పుడు కౌన్సిల్ ఆవిడ వచ్చి ఈ మూత తీస్తే? 'బి' కాస్తా 'డి' అవుతుంది. కొట్టుకు తాళం పడుతుంది. అంకుల్ మగమనిషి, మార్కెట్ హడావిడిలో మరిచిపోయి ఉంటాడు. నేను చూశాను కాబట్టి సరిపోయింది.

గిన్నె ఎత్తలేకపోయాను. గరిటెతో కాదు, చెంబుతో తోడి తోడి సింకులో పోశాను. నలభై చెంబులైనా పోసి ఉంటాను. ఆ తర్వాత ఖాళీ గిన్నెను పక్కకు వాల్చి, అందులోకి భుజం దాకా చెయ్యి పెట్టి, నిమ్మచెక్కా ఉప్పూ వేసి తోమాను. లోపలి నలుపు ఊడిరావడానికి గంట పట్టింది. కడిగి, కిటికీ దగ్గర బోర్లించాను. చలికాలపు ఎండ పడి అది అద్దంలా మెరిసింది. మనూని పిలిచి చూపించాను కూడా.

"షైనీ!" అంది అది.

"ఎవరు తోమిన్రు?"

"మమ్మీ!"

అప్పుడే వెనక తలుపు తోసుకుని ఫంగ్ అంకుల్ వచ్చాడు. చేతుల్లో ఆకుకూరల పెట్టె. పొయ్యి వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. పెట్టె మెల్లగా కింద పెట్టాడు.

"ఎక్కడ?" అన్నాడు.

నేను సింకు చూపించాను. నవ్వుతూ చూపించాను, అదే ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. "అంతా క్లీన్ చేశాను అంకుల్," అన్నాను.

ఆయన సింకు దగ్గరకు వెళ్ళి, వంగి, నీళ్ళు పోయే కంత దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచి, వెనక వాకిట్లో బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చున్నాడు. అరిచి ఉంటే ఎంతో బాగుండేది.

ఫంగ్ ఆంటీ పరిగెత్తుకొచ్చింది. గిన్నె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, వేళ్ళు లెక్కపెడుతూ చెప్పింది.

ఆ పులుసు నిన్నటిది కాదు. తొమ్మిదేళ్ళది. కొట్టు తెరిచిన రోజు కాచారు. ఆ రోజు నుంచి పారబోయలేదు. ప్రతి పొద్దునా మరిగిస్తారు, కోళ్ళు ఉడికిస్తారు, వడగడతారు, తగ్గినంత నీళ్ళూ సోయా పోస్తారు, రాత్రి మళ్ళీ మరిగించి మూత పెడతారు. ఒక్కొక్క కోడీ తన రుచి కొంత అందులో వదిలి వెళ్తుంది. తొమ్మిదేళ్ళ కోళ్ళ రుచి అది. పాతబడేకొద్దీ విలువ.

"మళ్ళీ కాస్తే?" అన్నాను.

"కాస్తే వస్తుంది. తొమ్మిదేళ్ళకు."

"ఇంకెవరి దగ్గరా లేదా?"

ఆంటీ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "హో దగ్గర ఉంది. బాతుల కొట్టు హో. ముందు ఆయనా మేమూ కలిసే ఈ కొట్టు తెరిచాం. ఐదేళ్ళ కిందట వీళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు. పులుసులో చక్కెర ఎంత వేయాలని మొదలైంది, ఎక్కడికో పోయింది. వెళ్ళిపోతూ సగం పులుసు బకెట్లో తీసుకుపోయాడు. ఇద్దరికీ మాటల్లేవు. వీధిలో ఎదురుపడితే ఒకరు బస్సు వైపు చూస్తారు, ఒకరు ఆకాశం వైపు. మా ఆయన మళ్ళీ నీళ్ళతో మొదలుపెడతాడు గానీ హో గుమ్మం తొక్కడు."

తర్వాత నా భుజం తట్టి, "నువ్వు రేపు రావద్దు," అంది. "ఆయన నిన్ను చూస్తే... రేపు వద్దు."

ఎల్లుండి రమ్మని అనలేదు.

ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. నర్సింహ పెట్రోలు బంకు షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

"ఏమైందే? ముఖం గట్ల పెట్టినవ్?"

"వాళ్ళ పులుసు పారబోసిన."

"పారబోస్తే ఏమైతది? మల్ల జేస్కుంటరు."

"తొమ్మిదేండ్ల పులుసంట."

నర్సింహ రెండో బూటు విప్పడం ఆపేశాడు. "తొమ్మిదేండ్లా? అంటే ఇన్నొద్దులు నువ్వు తెచ్చిన గుడ్లు గండ్లనే ఉడికినయా?"

"గండ్లనే."

"మంచిగనే ఉండె గదా మరి," అన్నాడు. నాకు ఏడుపాగలేదు. అది చూసి మనూ కూడా మొదలుపెట్టింది. అతను ఒక బూటుతోనే లేచి వచ్చి ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. "ఊకో. ఇంకో పని దొరుకుతది."

"దొరకదు. పిల్లను ఎంటబెట్టుకొని రమ్మనేటోళ్ళు ఈ ఊర్ల ఇంకెవరున్నరు? నా చేతులు చూసి పనిచ్చింది ఆమె. గా చేతులతోనే ముంచిన."

"రేపు వొయ్యి మంచిగ సారీ చెప్పు. మిఠాయి డబ్బ పట్కపో."

"తొమ్మిదేండ్ల దానికి మిఠాయి డబ్బనా?"

మర్నాడు లేచేసరికి ఇంకో చిక్కు. చలికి పెరుగు తోడుకోలేదు. పాలు పాలలాగే ఉన్నాయి, ఉన్న కాస్త పెరుగూ నిన్నే పిల్లకు పెట్టేశాను. గిన్నె పట్టుకుని పక్క ఫ్లాటు తలుపు కొట్టాను. పక్క ఫ్లాటు రమామణి ఆంటీది. వాళ్ళది అమలాపురం. వెనక వాకిట్లో బట్టల తీగ మీద ఎవరు ఎప్పుడు ఆరేయాలన్న గొడవతో నెల రోజులుగా మాకు మాటల్లేవు. తలుపు తీసి నన్ను చూసింది, నా చేతిలో గిన్నె చూసింది.

"మాటలు రావు గానీ గిన్నె మాత్రం వచ్చిందే!"

"పెరుగు తోడుకోలేదు ఆంటీ..."

"చలికాలం గిన్నెకి తువ్వాలు చుట్టి పెట్టాలమ్మా, ఎన్నిసార్లు చెప్పాను." లోపలికి వెళ్ళి చెంచాతో పెరుగు తెచ్చి వేసింది. "తోడు అడిగితే లేదనకూడదు కాబట్టి ఇస్తున్నాను. తీగ సంగతి తీగ సంగతే. నీ దుప్పటి ఇంకా అక్కడే వేలాడుతోంది, చూసుకో."

తలుపు వేసేసింది. నేను గిన్నెలోకి చూస్తూ వరండాలోనే నిలబడిపోయాను.

మా వైపు కూడా అంతే. పొలం గట్టు కాడ కొట్టుకున్న ఇళ్ళు కూడా తోడు దగ్గర లేదనుకోవు. పెద్దవాళ్ళకు మాటల్లేకపోతే పిల్లల చేతికి గిన్నె ఇచ్చి పంపుతారు. ఇచ్చేవాళ్ళూ 'మీ అమ్మ పొగరు తగ్గిందా' అని ఒక మాట అంటారు, ఒక చెంచా వేస్తారు. ఎవరి పరువూ పోదు. ఫంగ్ అంకుల్ అడగడు. ఆంటీ అడగలేదు. పారబోసింది నేను. గిన్నె పట్టుకోవాల్సింది కూడా నేనే.

నర్సింహకు చెబితే వద్దంటాడని చెప్పలేదు. అతను షిఫ్టుకు వెళ్ళాక ఇంట్లో ఉన్న పెద్ద స్టీలు క్యాను తీశాను. వేడి నీళ్ళతో కడిగాను. మళ్ళీ కడిగాను. బయల్దేరుదామంటే భయం పట్టుకుంది. ఆయన తిడితే? చైనా భాషలో తిడితే ఏం తిడుతున్నాడో కూడా తెలియదు. ఫంగ్ అంకుల్‌కు తెలిసి ఇంకా కోపం వస్తే? అట్లా కూర్చుని లేచేసరికి నాలుగున్నర దాటింది. ఇక్కడ జూలైలో ఐదున్నరకే చీకటి. దీపాలు పెట్టాక తోడు అడగరు, అడిగినా ఇవ్వరు. ఆ నియమం చైనా పులుసుకు వర్తిస్తుందో లేదో నాకు తెలియదు. తెలియనప్పుడు పాటించడమే మంచిదని మనూని బండిలో వేసి, క్యాను దాని కాళ్ళ దగ్గర పెట్టి దాదాపు పరిగెత్తాను.

ముందు బేకరీ దాటాలి. తల వంచుకుని వెళ్ళిపోదామనుకున్నాను గానీ ఫంగ్ ఆంటీ అద్దంలోంచి చూసి బయటికి వచ్చింది. ఏడ్చినట్టూ ఉంది, నవ్వినట్టూ ఉంది. కౌన్సిల్ ఆవిడ పొద్దునే వచ్చి వెళ్ళిందట. 'ఎ' ఇచ్చిందట.

"ఆ గిన్నె చూసి, ఇంత శుభ్రమైన గిన్నె ఈ వీధిలోనే చూడలేదంది," అని చెప్పింది. "మా ఆయన అప్పటినుంచి వెనక వాకిట్లోనే ఉన్నాడు. కోడి కోసం వచ్చినవాళ్ళందరికీ ఈ రోజు లేదు, ఈ రోజు లేదు అని చెప్తున్నాను. 'ఎ' ఉంది, కోడి లేదు!" తర్వాత క్యాను చూసింది. "అది ఎందుకు?"

"హో అంకుల్ దగ్గరికి."

ఆంటీ కళ్ళు పెద్దవయ్యాయి. వద్దంటుందనుకున్నాను. వెనక్కి తిరిగి ఒకసారి చూసి, "నేను నిన్ను చూడలేదు," అని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

హో కొట్టులో ఆవిరికి కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళెవరికీ ఏమీ కనబడదు. హో లావుగా, పొట్టిగా, కత్తి పట్టుకుని బాతును ముక్కలు కొడుతున్నాడు. నేను వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"సగమా, మొత్తమా?"

"బాతు వద్దు అంకుల్. పులుసు కావాలి. పాతది." క్యాను కౌంటరు మీద పెట్టాను.

కత్తి ఆగింది. "ఎవరు నువ్వు?"

"ఫంగ్ వాళ్ళ బేకరీలో గిన్నెలు తోముతాను."

"ఫంగ్ పంపాడా?"

"లేదు. ఆయనకు తెలియదు. వాళ్ళ పులుసు నేను పారబోశాను. నిన్నటిది అనుకున్నాను. గిన్నె కూడా తోమేశాను. లోపల, బయట."

హో నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు. కత్తి కింద పెట్టి, కౌంటరు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. వెనక్కి తిరిగి వంటింట్లోకి ఏదో అరిచాడు. ముగ్గురు వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికి వచ్చి నన్ను చూశారు. వాళ్ళకు మళ్ళీ మొదటినుంచి చెప్పి, గిన్నె తోమిన మాట దగ్గర చేత్తో గాల్లో తోమి కూడా చూపించాడు. వాళ్ళూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. కానీ కదల్లేదు.

నవ్వడం అయ్యాక ముఖం గట్టిగా పెట్టాడు. "ఫంగ్‌ను రమ్మను. వచ్చి, నా ముందు నిలబడి అడగమను. ఇస్తాను."

"ఆయన పోగొట్టలేదు కదా అంకుల్. నేను పోగొట్టాను. అందుకని నేను అడుగుతున్నాను." పెరుగు సంగతి చెప్పడానికి ప్రయత్నించాను. పాలు, చెంచా, రాత్రి, పొద్దున అని చేతులతో చూపించాను. "మా ఊళ్ళో కొట్లాట వేరు, ఇది వేరు. దీనికి లేదనరు."

"ఇది మీ ఊరు కాదు," అన్నాడు హో.

బయట వీధి దీపాలు వెలగడానికి సిద్ధంగా ఉన్నాయి. వరసలో వెనకవాళ్ళు గొణుగుతున్నారు. నాకు ఇంక చెప్పడానికి ఇంగ్లీషు మిగల్లేదు. క్యాను వెనక్కి తీసుకుందామని చెయ్యి వేశాను. అప్పుడే మనూ బండిలోంచి వంగి, కౌంటరు అద్దం వెనక నల్లటి గుడ్ల గిన్నె చూసి, "ఎగ్! ఎగ్!" అని గోల మొదలుపెట్టింది.

హో విసుగ్గా ఒక గుడ్డు తీసి దాని చేతికి ఇచ్చాడు, నోరు మూయించడానికి. అది రెండు చేతుల్లో పట్టుకుని కొరికింది. నమిలింది. ముఖం వెలిగిపోయింది.

"సేమ్ ఎగ్, మమ్మీ! మిస్టర్ ఫంగ్ ఎగ్!"

కొట్టులో అందరికీ వినబడింది. వంటవాళ్ళు ముగ్గురూ హో ముఖం చూశారు. ఆయన ఎవరి ముఖమూ చూడలేదు. కొంచెంసేపు బాతు కొవ్వు అంటిన వేళ్ళు తువ్వాలుకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తర్వాత క్యాను తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చాడు. మూత మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద తాడు.

"వాడికి చెప్పు, ఇది నాదే అని. దాచకు. ఇంకో మాట కూడా చెప్పు. వాడి కోడి ఐదేళ్ళుగా చప్పగా ఉందని వీధి వీధంతా అంటోందని చెప్పు."

"ఆ మాట నేను చెప్పలేను అంకుల్."

"చెప్పకపోతే క్యాను ఇవ్వను."

"చెప్తాను," అన్నాను.

మనూ ఎత్తుకోమంది. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో బండి, బండిలో పిల్ల చోట క్యాను. మూత ఊడుతుందేమో, కుక్క అడ్డమొస్తుందేమో, ఎవరైనా గుద్దుతారేమో అని ఆ పది కొట్ల దూరం నా కన్నబిడ్డను కూడా అంత జాగ్రత్తగా తీసుకెళ్ళి ఉండను. వీధి దీపాలు వెలిగేసరికి బేకరీ గుమ్మం దాటాను.

ఫంగ్ అంకుల్ వెనక వాకిట్లోంచి లోపలికి వచ్చి ఉన్నాడు. మెరిసే గిన్నె ముందు నిలబడి, కొత్త కోడలిని చూసినట్టు దాన్ని అనుమానంగా చూస్తున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నేను క్యాను పొయ్యి పక్కన పెట్టి తాడు విప్పాను. ఏమీ చెప్పకముందే వాసన ఆయన్ను చేరింది. గబుక్కున తిరిగాడు. వంగి వాసన చూశాడు, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"హో అంకుల్ ఇచ్చాడు," అన్నాను. "దాచవద్దన్నాడు. ఇంకా... ఇంకా, మీ కోడి ఐదేళ్ళుగా చప్పగా ఉందని వీధంతా అంటోందని చెప్పమన్నాడు. అది నా మాట కాదు."

ఆయన కళ్ళు తెరిచాడు. ఆంటీ వైపు తిరిగి చైనా భాషలో ఏదో గడగడా అన్నాడు. ఆంటీ ఫక్కున నవ్వింది.

"ఏమన్నారు?" అని భయంగా అడిగాను.

"హో ఇంకా చక్కెర ఎక్కువే వేస్తున్నాడట. తొమ్మిదేళ్ళయినా బుద్ధి రాలేదట. రేపు నువ్వు వెళ్ళి చెప్పాలట."

"నేనా?"

"నువ్వే. ఇంకెవరు వెళ్తారు?"

రేపు! ఆ ఒక్క మాట తప్ప నాకు ఇంకేమీ వినబడలేదు. అంకుల్ క్యాను గిన్నెలోకి వంచాడు. పొయ్యి వెలిగించాడు. నీళ్ళు పోశాడు, సోయా పోశాడు, నారింజ తొక్క రెండు చేతుల నిండా వేశాడు. మడత పెట్టిన ఏప్రన్ తీసి కట్టుకున్నాడు. గిన్నె మరగడం మొదలయ్యాక, అందులోంచి ఒక డబ్బా నిండా పోసి, మూత బిగించి, నా చేతిలో పెట్టాడు.

"మీ ఇంట్లో ఫ్రీజర్ ఉందా?"

"ఉంది."

"ఇది అందులో ఉంచు. ఇక్కడ ఏమైనా అయితే నీ దగ్గర ఉంటుంది." పొయ్యి మంట తగ్గిస్తూ, "హో దగ్గరికి మాటిమాటికీ ఎవరు వెళ్తారు?" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన మాటల్లో అదే అన్నింటికంటే పొడుగైనది.

ఆ రాత్రి నర్సింహ బఠానీల పొట్లం కోసం ఫ్రీజర్ తెరిచి, "గిదేంది?" అని అరిచాడు. డబ్బా మీద నేను పెద్ద అక్షరాలతో 'ముట్టవద్దు' అని రాసి పెట్టాను. సంగతంతా చెప్పాను. అతను డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి మెల్లగా లోపల పెట్టాడు.

"పిల్ల పుట్టినప్పుడు గూడ నన్ను గింత దూరం ఉంచలేదు నువ్వు," అన్నాడు.

"పోయిన నెల కరెంటు పోయినట్టు మల్ల పోతే ఎట్లనయ్యా? సగం ఊరికి పోయె గదా."

"పోతే నేనే మంచుగడ్డలు కొనుక్కొస్త. ఇగ తిను."

మర్నాడు ఏడింటికే వెళ్ళాను. గోడ మీద 'ఎ', పొయ్యి మీద పులుసు, అందులో పన్నెండు కోళ్ళు. ఫంగ్ అంకుల్ నా కోసమే ఎదురుచూస్తున్నాడు. నన్ను సింకు దగ్గర నిలబెట్టి, వంటింట్లో ఒక్కొక్క వస్తువూ వేలితో చూపించడం మొదలుపెట్టాడు.

"ఇది తోము. ఇది తోమవద్దు. ఇది తోము. ఇది తోము. ఇది సబ్బు లేకుండా తోము."

నేను తల ఊపుతూ వెంట నడిచాను. చివరికి గోడకు వేలాడే పెద్ద ఇనుప పెనం దగ్గర ఆగాడు. దాన్ని అరచేత్తో నిమిరాడు.

"ఇది పదిహేనేళ్ళది. దీనికి సబ్బు తగలకూడదు. ఎప్పుడూ. ఈ మధ్య ఎందుకో అన్నీ అడుగంటుతున్నాయి, అర్థం కావడం లేదు."

"సరే అంకుల్," అన్నాను.

పోయిన గురువారమే ఆ పెనానికి రెండుసార్లు సబ్బు పెట్టి, ఇనుప పీచుతో, తెల్లగా వచ్చేదాకా తోమాను. ఆ సంగతి ఈ రోజు వరకూ ఆయనకు చెప్పలేదు.